తొలి వరద సీసా

మా కొండల్లో చొక్కా ఇస్త్రీ చేసుకున్న ప్రతివాడినీ డాక్టరనే పిలుస్తాం. నీటి శాఖ నుంచి ఏడాదికోసారి వచ్చే యెఫెర్సన్ కూడా అలాంటి డాక్టరే. పరీక్షకి మా వాగు నీళ్లు సీసాలో నింపడం, సంతకం పెట్టడం తప్ప ఆయనకు వేరే వైద్యం తెలియదు.

ఆయన ఎప్పుడు రావాలో దోన్ ఎవేలియో, అంటే మా ఎవేలియో దొర, చెబుతాడు. వాగు ఎగువన ఉన్న కాఫీ మిల్లు ఎవేలియోదే. కాఫీ పండ్ల తొక్కు, పులిసిన కడుగునీళ్లు అన్నీ వాగులోకే వదులుతాడు. నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు ఆ కంపుకి కుక్క కూడా మూతి పెట్టదు. వానలు ముదిరాక అంతా పలచబడుతుంది. డాక్టరుగారి సీసా సరిగ్గా అప్పుడే నిండుతుంది. నాలుగేళ్లుగా "శుభ్రం" అని కాగితం వస్తోంది, నాలుగేళ్లుగా నా మనవరాలు మార్యెలీకి కడుపునొప్పి వస్తోంది. వాగు నుంచి ఊరికి మంచినీళ్లు వదిలే గేటు తాళం నా దగ్గరే ఉంటుంది గానీ, ఆ కాగితం ముందు నా మాట ఎవడు వింటాడు?

ఈసారి వానలు ఆలస్యమయ్యాయి. కాఫీ మాత్రం ఆగలేదు. "శుభ్రం" కాగితం లేనిదే పొడిగించని మిల్లు అనుమతికి గడువు దగ్గరపడి ఎవేలియో రోజూ ఆకాశం కేసి చూస్తూ కూర్చున్నాడు. చివరికి సోమవారం వాన దంచికొట్టింది. నేను వెళ్లి గేటు మూసేశాను. తొలి వరదను రెండు రోజులు పోనిచ్చాకే గేటు తీయడం మా పద్ధతి. ఎవేలియో మాత్రం డాక్టరుకి ఫోన్ కొట్టాడు.

మర్నాడు ఉదయమే ఆయన సీసాతో వాగులోకి దిగాడు.

"ఇవాళ వద్దు డాక్టరుగారూ, రెండు రోజులాగండి," అన్నాను. ఉన్నమాటే చెప్పాను.

ఎవేలియో పకపకా నవ్వాడు. "చూశారా? నీళ్లు తగ్గాక పట్టిద్దామని ముసల్దాని ఎత్తు! మీరు పట్టండి సార్."

"మూడు నెలల పేడ, నీ తొక్కు కుప్పలు అన్నీ కడుక్కొని వస్తోందయ్యా ఈ నీళ్లు!"

"నీళ్లు పెరిగితే మురికి తగ్గుతుందమ్మా. ఇది సైన్సు," అన్నాడు డాక్టరు. సీసా నిండింది. అచ్చం బెల్లం పానకం రంగు. సైన్సు దానికి గట్టిగా మూత బిగించింది.

వారానికి ఉత్తర్వు వచ్చింది: మళ్లీ పరీక్ష చేసేదాకా ఈ వాగులో నీళ్లు ఎవరూ తోడకూడదు. ఊరివాళ్లం డ్రమ్ముల్లో వాననీళ్లు పట్టుకున్నాం. ఎవేలియో మిల్లులో మాత్రం కడగని కాఫీ తొట్లలో పులిసి గబ్బు కొట్టింది.

మూడోరోజుకి అతను టోపీ చేతిలో పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు.

"ఎదువీనమ్మా, నీళ్లు మళ్లీ ఎప్పుడు పట్టిస్తే మంచిదంటావ్? నీకు తెలుస్తుంది కదా."

అరుగు మీద మార్యెలీ వాననీళ్లు తాగుతోంది. ఈ మూడు రోజుల్లో ఒక్కసారి కూడా పొట్ట పట్టుకోలేదు. సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగేళ్లు!

"తెలుసు," అన్నాను. "నీ మురికికి గుంట తవ్వించాక పట్టించు."

"అది రెండు నెలల పనమ్మా! నా కాఫీ ఏమైపోవాలి?"

"వాగులోనే పారబొయ్యి. నీళ్లు పెరిగాయి కదా, పలచబడిపోతుంది."