పదకొండూ నలభై రెండుకు రెండోసారి

శనివారం ఉదయం పదకొండు గంటల నలభై రెండు నిమిషాలకు, విశాఖపట్నంలో, మూడు వందల మంది చూస్తుండగా నేను రెండు సంతకాలు పెట్టాను. పెట్టాల్సింది ఒకటి.

నేను ఒక తాళంచెవిని. తలుపులు తీయను. బొటనవేలి గోరుకంటే కాస్త పెద్దగా ఉంటాను. కంప్యూటరుకు గుచ్చి సంతకం అడిగితే నా దీపం వెలుగుతుంది. అప్పుడు వేలు ఆనిస్తే ప్రోగ్రాం మీద యజమాని సంతకం పడుతుంది. వేలు ఆనిందని నాకు తెలుస్తుంది. ఎవరి వేలో, దేనికి ఆనించారో తెలియదు. నన్ను చేసినవాళ్లు అంతవరకే చేశారు.

నా మొదటి యజమాని పైడిరాజు. ఆస్పత్రుల్లో మందుల చీటీలు తెలుగులో అచ్చువేసే ప్రోగ్రాం ఆయన రాసిందే. ఏ మందు, రోజుకెన్ని, అన్నీ అందులోంచే వస్తాయి. ఎవరైనా ఊరికే వాడుకోండన్నాడు. నలభై ఆస్పత్రులు వాడుకుంటున్నాయి. ప్రోగ్రాం మారినప్పుడు వాటి కంప్యూటర్లు చూసేది ఒక్కటే, నా సంతకం ఉందా లేదా అని. దీపం వెలిగాక పైడిరాజు కళ్లజోడు పెట్టుకుని, తెర మీదున్నదంతా చదివి, అప్పుడు వేలు ఆనించేవాడు. రెండేళ్ల కిందట నన్ను తన శిష్యురాలు సువార్త చేతిలో పెట్టాడు.

సువార్త పని తెలిసిన మనిషి. ఒక్కతే నెట్టుకొచ్చేది. ఎనిమిది నెలల కిందట కిరీటి అనే పేరుతో ఒకడు సాయానికొచ్చాడు. జీతం లేని పనికి మనిషి దొరకడమే గొప్ప గనక ఎవరు నువ్వని అడగలేదు. తప్పులు దిద్దేవాడు, ఉత్తరాలకు జవాబులిచ్చేవాడు. అతన్ని చూసినవాళ్లు లేరు.

జనవరిలో సువార్త తన రాబోయే ప్రసంగాలు వెబ్ పేజీలో పెట్టింది. విశాఖ, కొచ్చి, పుణె. తేదీ, వేళ, హాలు, వేదిక మీద చేసి చూపించబోయేది కూడా రాసింది. చూపించబోయేది సంతకం ఎంత భద్రమో.

పైడిరాజు చదివాడు. "ఇంటికి తాళం వేసి, ఎప్పుడొస్తామో గుమ్మం మీద రాసినట్టుందమ్మా."

"దాచుకునేదాన్నయితే ఈ పనిలో ఎందుకుంటాను గురువుగారూ?"

కిరీటి రెండే సంగతులు అడిగాడు. విశాఖలో చేసి చూపించడం సరిగ్గా ఎన్నింటికి మొదలవుతుంది, వేదిక మీద నన్ను నిజంగానే వాడతారా. వాడతానంది సువార్త. అయితే చూపించడానికి కావలసిన చిన్న ప్రోగ్రాం తనే రాసిస్తానన్నాడు. రాసిచ్చాడు. ఆమె ఇంట్లో మూడుసార్లు నడిపి చూసుకుంది. నడిపిన ప్రతిసారీ నేను ఒక్కసారే వెలిగాను.

శనివారం ఆమె జనం వైపు తిరిగి మాట్లాడుతూ వేలు ఆనించింది. దీపం ఆరి మళ్లీ వెలిగింది. సరిగా ఆనలేదనుకుంది.

"స్టేజీ ఎక్కితే దీనికీ భయమే," అంది. అందరూ నవ్వారు. మళ్లీ ఆనించింది.

ప్రశ్నల వేళ మూడో వరుసలో పైడిరాజు లేచాడు. కళ్లజోడు పెట్టుకునే ఉన్నాడు.

"రెండోసారి దేనిమీద పెట్టావమ్మా?"

కొందరు నవ్వారు. సువార్త తెర మీది అక్షరాలు వెనక్కి జరిపి చదివింది. రెండో సంతకం ఆస్పత్రులకు వెళ్లే ప్రోగ్రాం మీద పడింది. మోతాదు లెక్కగట్టే చోట నాలుగు వరుసలు కొత్తవి. ఆమె నన్ను పీకేసింది. అప్పటికే అది వెళ్లిపోయింది.

ఇప్పుడు నేను సీలు వేసిన కవరులో, పోలీసుల ఇనుప బీరువాలో ఉన్నాను. కవరు మీద సువార్త పేరుంది. కిరీటి దగ్గర్నుంచి జవాబు లేదు. కొచ్చి, పుణె ప్రసంగాలు ఆ పేజీలో అలాగే ఉన్నాయి.

కేసు రికార్డులో ఉన్న ఆఖరి సంగతి అదే రోజు పన్నెండు గంటల మూడు నిమిషాలది. ఏజెన్సీ కొండల్లో ఒక ఆస్పత్రి కంప్యూటరు కొత్త ప్రోగ్రాం తెచ్చుకుంది. సంతకం సరిచూసింది. సరిపోయింది.