ఆరు గంటల గడువు

నేను ఒక నల్లబల్లని. బడిలో వేలాడే రకం కాదు. ఎక్కాలూ, భూగోళమూ మోసే అదృష్టం నాకు లేదు. జపాన్‌లో నాగహోరా అనే కొండ ఊరి రైల్వే స్టేషన్లో వేలాడినదాన్ని. దేవదారు చెక్కతో నన్ను చేసిన వడ్రంగి, నల్లరంగు ఆరాక నా మీద తెల్లగీతలతో నాలుగు గడులు గీశాడు. రాసిన వేళ, ఎవరికి, ఏమిటి, ఎవరి నుంచి. మనుషులు ఒకరికొకరు చెప్పుకోవలసిందంతా ఈ నాలుగు గడుల్లో పడుతుందని రైల్వేవారి నమ్మకం. చాలావరకు పట్టేది కూడా.

జేబులో ఫోను లేని రోజులవి. ఒకరి కోసం ఒకరు వచ్చి, చూసి చూసి, విసుగెత్తి నా మీద రాసి వెళ్ళేవారు. ‘ఆకలేసింది, నూడుల్స్ కొట్లో ఉన్నా.’ ‘గంటసేపు చూశాను, ఇక నీ ఇష్టం.’ ‘అత్తయ్య కూడా వచ్చింది, జాగ్రత్త.’ చదివినవారు నవ్వుకునేవారు, కంగారుపడేవారు, మరో వైపుకు పరుగెత్తేవారు. నా కింద చిన్న రేకుపలక ఒకటి ఉండేది. ‘ఆరు గంటలు దాటిన సందేశములు చెరిపివేయబడును’ అని.

మొదట్లో మాది ఒంటిపెట్టె రైలు ఆగే చిన్న స్టేషను. ఆ రైలు రోజుకు నాలుగుసార్లు లోయలోకి వెళ్ళి నాలుగుసార్లు తిరిగివచ్చేది. దారిలో ఎవరైనా చెయ్యెత్తితే డ్రైవరు మొహమాటపడి ఆపేవాడు. తరువాత మా నెత్తిన ఆకాశంలో సిమెంటు స్తంభాలు లేచాయి. వాటి మీద బుల్లెట్ రైలు వచ్చింది. అది ఎవరికీ మొహమాటపడదు, మా దగ్గర ఒక్క నిమిషం ఆగుతుంది, అంతే. కింద లోయ రైలు, పైన బుల్లెట్ రైలు, రెంటినీ కలుపుతూ మెట్లు, ఆ మెట్ల మధ్యలో ఒక నడవా. నన్ను పాత గోడ నుంచి ఊడదీసి ఆ నడవాలో తగిలించారు. ఇటు నెమ్మదీ అటు తొందరా, మధ్యలో నేను.

నన్ను చూసుకునే బాధ్యత హగిహారా అనే గుమాస్తాది. ముప్పై నాలుగేళ్ళవాడు, ఒంటరివాడు. ఎవరైనా పెళ్ళి ఊసెత్తితే వెంటనే టైంటేబుల్ మారిందన్న సంగతి చెప్పడం మొదలుపెట్టేవాడు. తెల్ల చేతితొడుగు వేసుకున్న వేలితో ముందు గడియారాన్ని, తరువాత నా మొదటి గడిలో రాసిన వేళను చూపించి, “ఆరు గంటలు పూర్తి, సరే!” అని పైకి అని, అప్పుడు గుడ్డ పట్టేవాడు. రైల్వేలో ఏ పనైనా ఇలా వేలితో చూపి నోటితో అన్నాకే చెయ్యాలి. ఆయనకు మరో పట్టుదల కూడా ఉంది. మొదటి గడి తప్ప మిగతా గడులవైపు కన్నెత్తి చూసేవాడు కాడు. ఇతరుల మాట చదవడం ఇతరుల ఇంట్లోకి చెప్పుల కాళ్ళతో వెళ్ళడం లాంటిదని ఆయన ఉద్దేశం. మొహం పక్కకు తిప్పుకునే తుడిచేవాడు. పదకొండేళ్ళ తరువాత కూడా ఆ మర్యాద నాకు ముల్లులా గుచ్చుకుంటుందని అప్పుడు తెలియదు.

నాకు గుర్తున్న చేతిరాతల్లో తొమొయెది ఒకటి. లోయ చివరి ఊళ్ళో కాన్పులు చేసే నర్సమ్మ. ప్రతి నెలా రెండో శనివారం కింది రైల్లో దిగి మెట్లెక్కి వచ్చేది. పై రైల్లో షింగో వచ్చేవాడు. ఆ సిమెంటు స్తంభాలు కట్టిన పనివాళ్ళలో అతనొకడు. కట్టినన్నాళ్ళూ ఇక్కడే ఉన్నాడు. పని అయ్యాక, తను కట్టిన దారి మీదే మరో ఊరి పనికి వెళ్ళిపోయాడు. నెలకోసారి మాత్రం వచ్చేవాడు. ఇద్దరూ నా ముందే కలుసుకుని, ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చుని, చెప్పుకోవలసినదాంట్లో సగమే చెప్పుకునేవారు.

ఒక జనవరిలో షింగో అన్నాడు, “దక్షిణాన పని దొరికింది. నాలుగైదేళ్ళ పని. నువ్వు నాతో వచ్చేస్తావా?”

తొమొయె చేతిసంచీ పిడిని తిప్పింది. “నెల రోజులు ఆలోచించుకోనివ్వండి.”

“సరే. రెండో శనివారం వస్తాను. నువ్వు ఇక్కడ ఉంటే నాతో వస్తున్నట్టు. లేకపోతే ఇంకేం అడగను. అదే నీ జవాబనుకుంటాను.”

“రాలేకపోతే ఈ బల్ల మీద రాస్తాను లెండి,” అంది ఆమె నవ్వుతూ.

ఆ శనివారం మంచు దంచి కురిసింది. తొమొయె తొమ్మిదీ నలభైకి వచ్చింది. కొత్త కోటు తొడుక్కుంది. జవాబు ఆమె మొహం మీదే కనిపిస్తోంది. పదీ ఇరవైకి రావలసిన బుల్లెట్ రైలు ఎక్కడో మంచులో నిలిచిపోయిందని మైకులో చెప్పారు. ఆలోగా లోయ నుంచి స్టేషనుకు ఫోను. ఒకామెకు నెల ముందే నొప్పులు మొదలయ్యాయి. పదకొండు గంటలకు వెళ్ళే రైలే ఆఖరిది, తరువాత లోయ లైను మూసేస్తారు. తొమొయె సుద్దముక్క తీసుకుంది. గబగబా రాసినా అక్షరం చెదరలేదు.

‘10:50. షింగో గారికి. మీతో వస్తాను. కాన్పు ఉంది, వెళ్ళక తప్పదు. దయచేసి ఇక్కడే ఉండండి. తొమొయె.’

రాసి మెట్లు దిగి పరుగెత్తింది. నేను ఆ మాటను రొమ్ము మీద పెట్టుకుని మెట్లవైపే చూస్తూ ఉన్నాను. అన్ని గంటలూ ఒక్కరు కూడా రాలేదు. నాలుగూ యాభైకి హగిహారా వచ్చాడు. వేలితో గడియారం చూపాడు. “ఆరు గంటలు పూర్తి, సరే!” మొహం తిప్పుకుని తుడిచేశాడు. మంచు పడితే రైళ్ళు ఆగుతాయి కానీ, రైల్వేవారి నియమం ఆగదు.

సరిగ్గా ఐదింటికి బుల్లెట్ రైలు వచ్చింది. షింగో ఒకేసారి రెండేసి మెట్లు దిగుతూ నా ముందుకొచ్చాడు. ఖాళీగా ఉన్నాను. అతను నన్ను ఈ చివర నుంచి ఆ చివరదాకా చూశాడు, బెంచీ వెనక చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. పది నిమిషాలు నిలబడ్డాడు. తరువాత వచ్చిన దారినే పైకి వెళ్ళిపోయాడు. గేటు దగ్గర నుంచి హగిహారా ఇదంతా చూస్తూనే ఉన్నాడు. నోరున్నవాళ్ళు నోరు విప్పరు. నాకు నోరే లేదు.

సోమవారం లోయ లైను తెరిచారు. మొదటి రైల్లో తొమొయె వచ్చింది. నేరుగా హగిహారా దగ్గరికి వెళ్ళింది.

“శనివారం పై రైల్లో ఒకాయన వచ్చారా అండీ? పొడుగ్గా ఉంటారు, ఎడమచేతికి గాయం మచ్చ.”

“వచ్చారండి. ఐదింటికి. ఈ బల్ల ముందు పది నిమిషాలు నిలబడ్డారు.”

ఆమె మొహంలో రక్తం లేదు. “చదివి... వెళ్ళిపోయారా?”

హగిహారా జవాబివ్వబోయి ఆగాడు. ఐదు. నాలుగూ యాభై. ఆయన టోపీ తీసి, నడుం వంచి, ఆ వంగడం వంగడం ఇక లేవలేదు.

“చదవలేదమ్మా. చదవడానికి ఏమీ లేదు. పది నిమిషాల ముందు నేనే తుడిచేశాను.”

స్టేషను ఫోనులోంచే షింగో ఉండే వసతిగృహానికి ఫోను చేశారు. ఆ ఉదయమే ఖాళీ చేశాడట, చిరునామా ఇవ్వలేదట. అతని గుత్తేదారుకు రాసిన ఉత్తరం తిరిగివచ్చింది. తొమొయె హగిహారాను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే ఆయన కాస్త నిద్రపోయేవాడేమో. తరువాతి నెల రెండో శనివారం ఆమె మళ్ళీ వచ్చింది, అదే మాట రాసింది. ‘మీతో వస్తాను.’ ఎప్పుడైనా ఈ దారిన వస్తాడని. హగిహారా రేకుపలక కింద సొంత దస్తూరీతో ఒక కాగితం అంటించాడు. ‘రైళ్ళు ఆలస్యమైన దినమున, ఆ రైలు వచ్చువరకు చెరపబడదు.’ పై అధికారులు ఎవరి అనుమతితో అని అడిగితే, మంచు అనుమతితో అన్నాడు. ఆయన జీవితంలో ఎదురు మాట్లాడింది అదొక్కసారే.

పదకొండేళ్ళు. రెండో శనివారాల్లో ఆమె రాసేది, బెంచీ మీద కూర్చునేది. సాయంత్రం రైలు వచ్చి, దిగవలసినవారంతా దిగి వెళ్ళాక ఆయన గుడ్డతో వచ్చేవాడు. పక్కన నిలబడి లోయలో మంచు గురించో, కాన్పుల గురించో అడిగేవాడు. ఆమె ఎండబెట్టిన పండ్లు తెచ్చిచ్చేది. ఆయన టీ తెచ్చిచ్చేవాడు. ఆమె వెళ్ళాక, మరింత జాగ్రత్తగా మొహం తిప్పుకుని తుడిచేవాడు. ఒకసారి చేసిన పాపం చాలు, ఇక ఆమె గుట్టు కూడా చూడకూడదని. తుడిచేవాడు చదవకుండా ఉంటాడని ఆమెకు ఎలా తెలుస్తుంది? ఎవరైనా చదువుతారు కదా.

ఆ పదకొండో ఏట, స్తంభాలు పరీక్షించడానికి వచ్చిన పాత మేస్త్రీ ఒకడు ఆమెను గుర్తుపట్టాడు. షింగో దక్షిణాన స్థిరపడ్డాడనీ, పెళ్ళయిందనీ, ఇద్దరు ఆడపిల్లలనీ చెప్పాడు. “మంచిదే,” అంది తొమొయె. నిజంగానే అంది. ఆ నెలా, పై నెలా ఆమె వచ్చింది కానీ ఏమీ రాయలేదు. ఊరికే బెంచీ మీద కూర్చుంది, హగిహారాతో టీ తాగింది. ఆమె వస్తున్నందుకు ఆయన నడకే మారిపోయిందని నాకు తెలుసు. గంటకోసారి నన్ను తుడవడానికి ఏమైనా ఉందా అని చూడటానికి వచ్చేవాడు, ఏమీ లేకపోయినా.

మూడో నెల, ఉదయం టీ అయ్యాక, ఆయన టిక్కెట్ల గేటు దగ్గర ఉన్నప్పుడు ఆమె సుద్దముక్క తీసుకుంది. మొదటి గడిలో వేళ వేసింది. ఈసారి అక్షరం చెదిరింది.

‘హగిహారా గారికి. వచ్చే రెండో శనివారం నేను షింగో కోసం రావడం లేదు. నా రైలు దిగేచోట మీరు నిలబడి ఉంటే, మెట్లు ఎక్కి వస్తాను. లేకపోతే అర్థం చేసుకుంటాను. తొమొయె.’

ఎవరికి అన్న గడిలో ఆయన పేరు. ఇరవై ఏళ్ళుగా నన్ను తుడుస్తున్న మనిషికి వచ్చిన ఒకే ఒక్క సందేశం. చెక్కకు గుండె ఉంటుందా అంటారు. ఆ సాయంత్రం నాకుంది. ఆయన వచ్చాడు. మొదటి గడి చూశాడు. గడియారం చూశాడు. ఆమె చేతిరాతేనని మొదటి గడిలోని అంకెల వల్ల పోల్చుకున్నాడనుకుంటాను, మొహం ఎప్పటికన్నా ఎక్కువగా తిప్పుకున్నాడు. చాలా నెమ్మదిగా, గౌరవంగా తుడిచాడు.

ఆ రెండో శనివారం ఆయన కొత్తగా ఇస్త్రీ చేసిన యూనిఫాం వేసుకుని, రెండు కప్పుల టీతో, ఎప్పటిలాగే నా ముందు నిలబడ్డాడు. మెట్ల కింద లోయ రైలు వచ్చిన చప్పుడు అయింది. ఎనిమిది నిమిషాల తరువాత అది తిరిగి వెళ్ళిన చప్పుడు కూడా అయింది. కింది గేటు మనిషి పైకి వచ్చి, “నర్సమ్మ గారు దిగారు సార్, ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ చూసి, మళ్ళీ అదే బండి ఎక్కేశారు,” అన్నాడు.

“కాన్పు కబురేదో వచ్చుంటుంది,” అన్నాడు హగిహారా.

టీ చల్లారేదాకా అక్కడే ఉన్నాడు. పై నెలా నిలబడ్డాడు. వేసవిలో, ఆమె పైలోయ ఆసుపత్రికి బదిలీ చేయించుకుని వెళ్ళిపోయిందని ఎవరో చెప్పారు. ఆయన తలూపాడు. ఆ సాయంత్రం గుడ్డ పట్టుకుని వచ్చి, తుడవబోయి, చెయ్యి దించేశాడు. ఆమె చివరిసారి రాసినదేమిటా అని తోచిందేమో, అప్పుడు నన్ను చదవడం మొదలుపెట్టాడు. ప్రతి గడీ, ప్రతి పేరూ. ఎవరి ఆకలో, ఎవరి అలకో, అన్నీ. ఆ తరువాత ఒక్కరోజు కూడా చదవకుండా తుడవలేదు.

ఇప్పుడు నా మీద ఎవరూ రాయరు. స్టేషను పై అంతస్తులో, పాత సామాన్ల గదిలో గాజు వెనక పెట్టారు. పిల్లలు ఇదేమిటని అడుగుతారు, పెద్దలు చెప్పబోయి, ఫోను మోగితే అటు వెళ్ళిపోతారు. రెండో శనివారాల్లో మాత్రం చేతికర్రతో ఒక ముసలాయన వస్తాడు. ఉద్యోగం వదిలి చాలా ఏళ్ళయింది. గాజుకు దగ్గరగా వంగి, ఏమీ లేని నన్ను పై నుంచి కిందికి నింపాదిగా చదువుతాడు. ఆయన చూపు ఎవరికి అన్న రెండో గడి దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు అరవాలనిపిస్తుంది. మీ పేరేనండీ అక్కడ రాసింది, ఒక్కసారి రాసింది, మీకోసమే రాసింది అని.