వెంట్రుకవాసి ఎత్తు

కత్తుల మేస్త్రి కుడి భుజం మొరాయించి ఏడాదైంది. ఆకురాయితో ఒక్క కత్తి అరగదీయడానికి వారం పడుతోంది. కూతురు ఊరుకునే రకం కాదు.

"ఆ కొట్టు మూసేసి మా ఇంటికొచ్చెయ్ నాన్నా. అమ్మ పోయాక ఇంక నీకు అడ్డేముంది?"

అతనికి అడ్డు ఆ ఇల్లే. అక్కడ అల్లుడు టీవీ ముందు కూర్చుని వార్తలకు జవాబులు చెబుతుంటాడు. మిగిలినవాళ్లు మేస్త్రిని జాలిగా చూస్తారు. ఆ రెంటిలో ఏది నయమో అతను తేల్చుకోలేకపోయాడు.

"నెల టైమివ్వు. బెల్టు మిషను నేనే చేసుకుంటా. చెయ్యలేకపోతే నువ్వే తాళం వేసుకో," అన్నాడు.

మిషను అంటే పెద్దగా ఏమీ లేదు. పాత నీళ్ల పంపు మోటారు, ఇనప చట్రం, మూడు చక్రాలు, వాటి మీద తిరిగే గరుకు బెల్టు. చక్రాలు మాత్రం లేత్ మీద చేయించాలి. లేత్ ఉన్నది బావమరిదికి. పోయిన భార్య తమ్ముడు. మాట తగిలించకుండా మేకు కూడా ఇవ్వడు.

పై చక్రం చేతికి రాగానే మేస్త్రి దాని మీద స్కేలు ఆనించి చూశాడు. మధ్యలో వెంట్రుకవాసి ఎత్తు.

"ఇదేంట్రా, చక్రం చెయ్యమంటే బొజ్జ పెట్టావ్?"

"అది ఉండాలి బావా."

"నలభై ఏళ్లుగా చదును చెయ్యడమే నా పని. నాకు చెప్పకు."

"చెప్పను. చెబితే విన్నదెప్పుడు?"

మేస్త్రి ఇంటికొచ్చి, ఆ పాడు భుజంతోనే రెండు రోజులు కూర్చుని ఆ ఎత్తు అరగదీశాడు. స్కేలు కింద వెలుతురు దూరలేదు. ఇంత చదునైన చక్రం ఇంకెవడూ చేసి ఉండడని మురిసిపోయాడు.

స్విచ్ వేశాడు. బెల్టు రెండు చుట్లు తిరిగి, పక్కకు జారి, చెవి పక్కనుంచి దూసుకెళ్లి గోడకు కొట్టుకుంది. చట్రం వంకరన్నాడు. విప్పి మళ్లీ బిగించాడు. బెల్టు నాసిరకమన్నాడు. కొత్తది తెచ్చాడు. మోటారు పనికిమాలిందన్నాడు. అనుమానించనిది ఒక్క తన చేతినే. అలా నెల గడిచింది. తెల్లారితే కూతురు వస్తుంది.

ముఖం చెల్లకపోయినా లేత్ షెడ్డుకు వెళ్లాడు.

"బెల్టు నిలవడం లేదు."

బావమరిది తలెత్తలేదు. "బొజ్జ తీసేశావు కదూ?"

మేస్త్రి గోడవైపు చూశాడు.

"బెల్టు ఎత్తు వైపే పాకుతుంది బావా. మధ్యలో ఎత్తుంటే మధ్యలో నిలుస్తుంది. నువ్వేమో దాన్నీ నీలాగే ముక్కుసూటిగా చేశావ్. అలాంటి దాని మీద ఏదీ నిలవదు. మా అక్క ఒక్కతే నిలిచింది."

మేస్త్రి లేత్ దగ్గరకు జరిగాడు.

"ఇంకోటి చెయ్యి. ఎంతసేపవుతుంది?"

బావమరిది సొరుగు లాగి, నిగనిగలాడే చక్రం తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ రోజే రెండు చేశా. నీ సంగతి నాకు తెలీదా?"

మర్నాడు కూతురు తాళంతోనే వచ్చింది. మేస్త్రి స్విచ్ వేశాడు. బెల్టు గీత గీసినట్టు చక్రం నడుమ నిలిచింది. రవ్వలు లేచాయి. అరగంటలో ఒక కత్తి. తర్వాత ఇంకోటి. మేస్త్రికి ఊపొచ్చింది. మధ్యాహ్నానికల్లా బల్ల మీదున్న నాలుగూ అయిపోయాయి. అది నెల పని.

కూతురు తాళం సంచిలో వేసుకుంది. "మాటంటే మాటే. కొట్టు నీదే నాన్నా."

మేస్త్రి మీసం మీద చెయ్యి వేశాడు.

"పనెలాగూ అయిపోయిందిగా, భోజనానికి పద. సాయంత్రం దాకా ఉండొచ్చు. రేపూ రావచ్చు," అంది కూతురు.

భార్య పోయిన నాటి నుంచీ పనుందన్న వంకతోనే కూతురి గడప తొక్కకుండా నెట్టుకొచ్చాడు. ఇప్పుడు ఆ వంకను స్వయంగా అరగదీసి, దుమ్ము కూడా ఊదేశాడు.

"ఇంకా పిడులు నునుపు చెయ్యాలి," అన్నాడు. "రెండు రోజులు పడుతుంది."

కూతురు ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. ఉప్పుకాగితం అందుకుంది. చిన్నప్పుడు తల్లి పక్కన కూర్చుని ఎన్ని పిడులు రుద్దిందో ఆమెకే లెక్కలేదు.

"ఇద్దరం ఉన్నాం కదా. గంట పని," అంది.

గంట కూడా పట్టలేదు.