పల్చటి ఆయిలు, తెల్లవారుజాము నిద్ర

ఫోను మోగగానే మా ఆయన కళ్ళు మూసుకునే స్వెట్టరు కోసం తడుముకున్నాడు. "వస్తున్నా, వస్తున్నా" అన్నాడు అలవాటుగా.

"రావద్దని చెప్పడానికే చేశా బాబూ!" అవతల నర్సరీ తోటమాలి. "హ్యాండిల్ ఇలా తిప్పానో లేదో, డీజిల్ పంపు అలా అందుకుంది. నువ్వు హాయిగా పడుకో."

పడుకోమని చెప్పడానికి నిద్ర లేపిన ఆ మహానుభావుణ్ణి తిట్టుకోవాలో, దణ్ణం పెట్టుకోవాలో తెలియలేదు. నేను మాత్రం దుప్పట్లోనే చప్పట్లు కొట్టాను.

మావయ్యది ఇంజన్లు అద్దెకిచ్చే షెడ్డు. పంపులు, జనరేటర్లు, గడ్డి కోసే మిషన్లు. చలికాలం వస్తే చాలు, అన్నీ మొండికేస్తాయి. నా పెళ్ళయిందేమో సరిగ్గా చలికాలంలో! రోజూ తెల్లారకముందే స్పానరు పట్టుకుని పరిగెత్తే మొగుణ్ణి ఎంతకాలం చూస్తూ ఊరుకోను? ఎందుకిలా అని అడిగితే, చలికి ఇంజన్లోని చిక్కటి ఆయిలు బిగుసుకుపోతుందన్నాడు. సింథటిక్ ఆయిలని పల్చటి రకం ఉందట, అదైతే చలిలోనూ తేలిగ్గా పారుతుందట.

"మరి అదే పోయొచ్చుగా?"

"నాన్న ఒప్పుకోవాలిగా!"

మావయ్య ఏ ఆయిలునైనా రెండు వేళ్ళ మధ్య రాసి చూస్తారు. ఆముదంలా సాగితే ఆయిలు, లేదంటే నీళ్ళు. మా ఆయన తెచ్చిన సింథటిక్‌ని అలాగే రాసి చూసి, "తలుపు బందులకి వేసుకో" అన్నారు.

మేం వేసుకోలేదు. అది డీజిల్ ఇంజన్లకి పనికొచ్చే రకమేనని రెండుసార్లు చూసుకుని, మావయ్య రోజూ వాడే పాత డబ్బా ఖాళీ చేసి అందులోకి ఒంపి, నిన్న పొద్దున తోటమాలి పంపులో పోసొచ్చాం. మిగిలింది ఆ డబ్బాలోనే వదిలేశాం. అదే మా తెలివి.

టీ పట్టుకుని ఇద్దరం కిందికి దిగేసరికి షెడ్డులో డుగడుగమని చప్పుడు. మావయ్య ముసలి జనరేటరు! దాన్ని లేపాలంటే మామూలుగా ఇంటిల్లిపాదీ చొక్కా చేతులు మడవాలి.

"చూశావురా?" మావయ్య మొహం వెలిగిపోతోంది. "నిన్న నా చేత్తో ఆయిలు మార్చా. ఒక్క తిప్పుకే లేచింది. ఇదీ చిక్కటి ఆయిలు దెబ్బ!"

నాకు నవ్వు తన్నుకొచ్చింది. మా ఆయన గిల్లాడు. కానీ ఊరుకుంటే వచ్చే డబ్బాలో మళ్ళీ ఆముదమే, నా పక్కన మళ్ళీ ఖాళీ దిండే.

"మావయ్యా, ఆ డబ్బాలోది ఓసారి రాసి చూడండి."

"నా డబ్బాయేగా, చూసేదేముంది?" అంటూనే వేలు ముంచారు. రాశారు. సాగలేదు. మళ్ళీ రాశారు. జనరేటరు వైపు చూశారు. అది డుగడుగమంటూనే ఉంది.

"ఎవరి పనిది?"

మా ఆయన నన్ను చూపించాడు. నేను మా ఆయన్ని చూపించాను.

"పెళ్ళై నెల తిరగలేదు, అప్పుడే జట్టు కట్టారు!" అని పళ్ళు కొరికారు గానీ, మీసాల కింద నవ్వు దాగలేదు. "సరే, డీజిల్ ఇంజన్లన్నిటికీ ఇదే పోద్దాం. ఒరేయ్, రేపు తెల్లారకముందే నువ్వూ నేనూ..."

అయితే మళ్ళీ ఖాళీ దిండే!

"వాడెందుకు? నేనొస్తా" అంది గుమ్మంలోంచి అత్తయ్య.

"నీకెందుకే ఈ చలిలో?"

"పెళ్ళైన కొత్తలో ఒక్క పొద్దున్నైనా ఇంటిపట్టున ఉన్నారా మీరు? వీళ్ళనైనా పడుకోనివ్వండి. రేపు తెల్లవారుజామునే మనిద్దరం బయల్దేరుతున్నాం, ముందు బేకరీకి అద్దెకిచ్చిన జనరేటరు దగ్గరికి. గరాటు నేను పట్టుకుంటా, మీరు పోద్దురుగాని!"