చివరి రోజు లేని నెల

మా బావ చేతకానివాడని నాకు పన్నెండేళ్లుగా తెలుసు. పట్టిక ఆ మాటను అంకెల్లో చెప్పింది, అంతే.

లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఆయన మెకానిక్కు. అక్కడే రిపోర్టులు తయారుచేసేది నేను. ఏ మెకానిక్కు నెలకు ఎన్ని ఫిర్యాదులు ముగించాడో చూపే పట్టిక కొత్త మేనేజరు కోరిక మీద మొదలై మూడు నెలలయింది. బావ పేరుకు ఎదురుగా మూడు సున్నాలు. అన్ని సున్నాలను చూస్తే ఎవరికైనా అనుమానం రావాలి. నాకు తృప్తి కలిగింది.

శుక్రవారం ఆయన చేతికి కాగితం ఇచ్చి ఉద్యోగంలోంచి పంపించేస్తానన్నాడు మేనేజరు. పట్టికలో ఎర్రరంగు కనబడితే తాను ఆలోచించాననే అనుకుంటాడు ఆ మనిషి. మనసులో అసహ్యించుకుంటూనే తలూపాను.

గురువారం సాయంత్రం అక్క ఇంటికి వెళ్లాను, ఓదార్చడానికని చెప్పుకుని. బావ నేల మీద పాత పేపరు పరిచి పానాలు ఒక్కొక్కటే తుడుస్తున్నాడు. మూడు నెలలుగా ఒక్క ఫిర్యాదూ ఎందుకు ముగించలేదని అడిగాను.

"ఎందుకు లేదు బామ్మర్దీ? అన్నీ నెలాఖరు రోజే క్లోజ్ చేస్తా. బాగుచేసిన లిఫ్టు కొన్నాళ్లు నడిచాక ఇంకోసారి ఎక్కి చూడందే నేను సంతకం పెట్టను."

సాకు బాగుందని నవ్వాను.

"వాడికి మనుషులు చెబితే ఎక్కదు. కంప్యూటరు చెప్పాలి," అంది అక్క, నా వైపు చూడకుండానే.

ఆమె నోరు మూయించాలనే మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు వెళ్లి పట్టిక లెక్కకట్టే ఫార్ములా తెరిచాను. ఒకటో తేదీ నుంచి నెల చివరి తేదీ వరకు అని రాసి ఉంది. తేదీ పక్కన గంట రాయకపోతే కంప్యూటరు దాన్ని అర్ధరాత్రి పన్నెండుగా తీసుకుంటుంది. అంటే చివరి రోజు మొదలైన క్షణానికే నా నెల ముగిసిపోతోంది. ఆ రోజు జరిగిన పని ఈ నెలలోనూ లేదు, వచ్చే నెలలోనూ లేదు. మిగతావాళ్లకు తలా ఒకటి రెండు తగ్గాయి. బావకు అన్నీ పోయాయి. ఆ ఫార్ములా రాసింది నేనే.

'తర్వాతి నెల ఒకటో తేదీకి ముందు వరకు' అని మార్చాను. నలభై ఆరు, యాభై రెండు, నలభై తొమ్మిది. అందరికన్నా పైన బావ పేరు.

మేనేజరుకు చూపించి తప్పు నాదేనన్నాను. ఆయన కాగితాన్ని చించలేదు, సొరుగులో పెట్టుకున్నాడు. పేరు మారిస్తే ఇంకొకరికి పనికొస్తుంది.

బావకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను.

"రాశాక ఇంకోసారి చూసుకోవా బామ్మర్దీ?" అన్నాడు.

ఆ గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. పన్నెండేళ్లలో నేను ఆయనను అలా ఒక్క ప్రశ్నా అడగలేదు.