మూడో తలుపు

"మా ఇంటిది సెప్పినదాంట్లో సగం తీసీండి. మిగిల్నదాంట్లో సగం తీసీండి. అప్పుడు కూడా నమ్మకండి" అని జగ్గయ్య వీధంతా చెబుతాడు. పెళ్లాం కాచిన టీ తాగుతూనే చెబుతాడు. గంగాలమ్మ కూడా నవ్వేస్తుంది. కోతలు కొయ్యదని కాదు. ఆమె చిన్నప్పుడు హార్బర్‌లో వలకి పడిన సొరచేపను ఒడ్డుకెత్తడానికి పోర్టు క్రేన్ రావలసి వచ్చింది. దాని పొట్ట కోస్తే పెళ్లి బ్యాండు బయటపడింది, ఇంకా వాయిస్తూనే! యూనివర్సిటీలో పన్నెండేళ్లుగా బాత్రూములు కడుగుతోంది మరి. నాలుగు కోతలైనా లేకపోతే ఆ ఫినాయిల్ వాసనలో మనిషి బతికేదెలా?

ఆ మంగళవారం ఆడపిల్లల బాత్రూంలో మూడో తలుపు వెనక ఒక పిల్ల గంట నుంచీ ఏడుస్తోంది. ఆస్రా, ఎమ్మెస్సీ చదివే పిల్ల. తల్లి పోయి మూడు నెలలు. "నేనూ అమ్మీ దగ్గరికెళ్లిపోతా" అంటోంది తనలో తనే. గంగాలమ్మ చీపురు పడేసి ఆఫీసుకి పరిగెత్తింది.

గుమస్తా నవ్వాడు. "ఏటి గంగాలమ్మా, బాత్రూంలో తిమింగలం దూరిందా?"

పెద్ద సారు ఫైల్లోంచి తలెత్తలేదు. "అందరికీ ఉంటాయి కష్టాలు. ధైర్యంగా ఉండమను."

ఇన్నాళ్లూ అందరినీ నవ్వించిన తన నోరే ఆ పిల్ల గొంతుకి అడ్డం పడుతోందని గంగాలమ్మకి ఏడుపొచ్చింది.

పక్క గదిలో, ఆస్రాకి పాఠాలు చెప్పే ఆశాజ్యోతి మేడం పేపర్లు దిద్దుతున్నారు. "మేడం, నాను కోతలు కోత్తానని మీకూ తెల్సు. గానీ ఇది..."

మేడం ఎర్ర పెన్నుకి మూత కూడా పెట్టలేదు. "ఎక్కడ?" అంటూ లేచారు.

ఇస్త్రీ చీరతో తడి నేల మీదే చతికిలబడ్డారు, ఆ తలుపు ముందు. ధైర్యం చెప్పలేదు, దేవుడి పేరెత్తలేదు. సూటిగా అడిగారు. "ఆస్రా, చచ్చిపోవాలనిపిస్తోందా?"

గంగాలమ్మ అడ్డు చెప్పబోయింది. అలా అడుగుతారా ఎవరైనా!

లోపల ఏడుపు ఆగింది. "అవును మేడం."

"చెప్పావు, మంచి పని చేశావు. ఇక నువ్వొక్కదానివే మొయ్యక్కర్లేదు."

గడియ తీయడానికి అరగంట పట్టింది. "అమ్మీ పోయిన మూడో రోజు నుంచీ వంట నాదే మేడం. అబ్బాజానూ అన్నలూ ఉప్పు తక్కువైందంటారు గానీ అమ్మీ లేదని అనరు. ఇంటికాడ ఏడవడానికి ఖాళీ ఉండదు."

గంగాలమ్మ ఇందాక పడేసిన చీపురు తీసి గోడకి ఆనించింది. తన తల్లి పోయిననాడు తనూ అంతే, వచ్చిన చుట్టాలందరికీ అన్నం వండి వార్చింది. ఏడ్చిందో లేదో గుర్తే లేదు.

ఫలానా గదిలో కౌన్సిలర్ ఉంటుంది వెళ్లమని పంపేయలేదు మేడం. క్లాసు ఇంకొకరికి అప్పజెప్పి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లారు. సాయంత్రం దాకా బయట బల్ల మీదే కూర్చున్నారు. ఆస్రా సరేనన్నాకే తండ్రికి ఫోన్ చేశారు. ఆయన ఆటోలో పరుగున వచ్చి, కూతురి తల గుండెకి ఆనించుకుని భోరుమన్నాడు.

"మీరు చెప్పబట్టి తెలిసింది, గంగాలమ్మగారూ" అన్నారు మేడం. "ఇది ఆ పిల్ల సొంత విషయం. మన దగ్గరే ఉండాలి."

గారూ! ఆ మాట మీద గంగాలమ్మ గోపాలపట్నంలో తన ఇంటి దాకా బస్సు లేకుండానే తేలిపోయింది. తనని నమ్మిన ఆ మనిషికి దారి పొడుగునా మనసులోనే దండాలు పెట్టుకుంది.

గుమ్మంలో జగ్గయ్య కాళ్లు చాపుకుని ఉన్నాడు. "ఏటే, ఇయాల ఏటి కోత?"

సొర కంటే, క్రేన్ కంటే పెద్ద కథ నాలుక చివరిదాకా వచ్చింది. గంగాలమ్మ దాన్ని మింగేసి, ఉల్లిపాయలూ కత్తిపీటా మొగుడి ముందు పెట్టింది.

"ఏటీ జరగనేదు. తరుగు."

గంగాలమ్మ జన్మలో ఆడిన అసలైన అబద్ధం అదొక్కటే.