రాని కేకుకు నేనే సాక్షి

నేను ఒక పాత ఫోన్‌ని. ఏ ఇంట్లోనో కబుర్లు మోసిన ఫోన్‌ని కాను. ఇళ్లకు సరుకులూ మందులూ పంపే ఒక యాప్ కంపెనీలో, మాదాపూర్‌లో, టెస్టింగ్ వాళ్ల దగ్గర గొడ్డు చాకిరీ చేసినదాన్ని. యాప్‌లో తప్పులు పట్టడం వాళ్ల ఉద్యోగం. పట్టిన తప్పును చప్పుడు కాకుండా మూసేయడం వాళ్ల ప్రతిభ.

పెట్టె విప్పిన రోజు అందరూ నన్ను చూసి మురిసిపోయారు. కొత్త మోడళ్లు రాగానే నా పేరు 'డబ్బా' అయింది. ఎన్ని చేతులు మారానో! ఒకడు సమోసా తిన్న వేళ్లతోనే నన్ను నొక్కి 'పాస్' అనేవాడు. ఇంకొకామె నన్ను సొరుగులోంచి తీయకుండానే 'పాస్' అని రాసేసేది. నన్ను మనసుపెట్టి చూసింది హైమవతి ఒక్కతే.

ఈమధ్య ఆమెకో తప్పు దొరికింది. సిగ్నల్ కాస్త తడబడితే చాలు, నాలాంటి పాత ఫోన్లలో ఆర్డరు వెళ్లకపోయినా 'మీ ఆర్డరు మాకు అందింది' అని ఆకుపచ్చ టిక్కు పడుతోంది. టీమ్ లీడు ఫణీంద్రకు చూపించింది.

"ఈ డబ్బాలు ఇంకా ఎవరు వాడతారండీ? నా ఫోన్లో బానే వస్తోంది కదా!" అన్నాడతను.

"మా పెద్దమ్మ వాడుతుంది. షుగరు మందులు దీంట్లోనే తెప్పించుకుంటుంది. టిక్కు చూసి, వస్తాయిలే అని కూర్చుంటే ఆవిడ గతేంటి?"

ఫణీంద్ర నవ్వేసి, 'సరిచేయక్కర్లేదు' అని రాసి ఆ తప్పును మూసేశాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండింది. హైమవతి వేరే ఉద్యోగం వెతుక్కుంది.

ఆఫీసులో ఆమె చివరి రోజు రానే వచ్చింది. వీడ్కోలు కేకు విషయంలో ఈ మహానుభావులకో ఆచారం ఉంది. మొదటిసారి కొనేవాళ్లకు యాప్ సగం ధరకిస్తుంది. టెస్టు ఫోన్‌ని కాబట్టి నేను రోజుకో కొత్త మనిషి పేరుతో కొనగలను. అందుకని లక్షల జీతాలవాళ్లు ప్రతి కేకునూ నా చేతే తెప్పిస్తారు. ఆ రోజూ ఫణీంద్రే, సిగ్నల్ సరిగా అందని మీటింగు గదిలో కూర్చుని నన్ను నొక్కాడు. టిక్కు పడింది. మూసేసిన తప్పును తనే నొక్కానని ఆ మేధావికి తట్టలేదు.

"హైమ గారు మా టీముకి వెన్నెముక" అంటూ ఉపన్యాసం ఎత్తుకున్నాడు. వెన్నెముకను వదిలేసి అందరూ తలుపు వైపే చూస్తున్నారు. ఉపన్యాసం సాగింది, పొగడ్తలు అయిపోయాయి, కేకు రాలేదు. చివరికి ఫణీంద్ర కేకుల షాపుకి ఫోన్ చేశాడు.

"అట్లాంటి ఆర్డరేం రాలే సార్" అన్నారు అవతల.

అందరూ నా వైపు చూశారు. నా తెర మీద టిక్కు పచ్చగా మెరుస్తోంది. "ఫణీంద్ర గారూ, నేను చెప్పింది ఇదే. నేను వెళ్లేలోపు మూసేసిన ఆ తప్పును మళ్లీ తెరిచి సరిచేయించండి" అంది హైమవతి. ఆమె గొంతులో ఆశ వినిపించింది. సిగ్గులేకుండా నేనూ ఆశపడ్డాను.

"అయ్యో, బుద్ధి తక్కువై ఈ డబ్బాలో పెట్టానండీ!" అని అతను తన కొత్త ఫోన్ తీశాడు. కాసేపటికి కేకు వచ్చింది. "చూశారా, నా ఫోన్లో బానే వచ్చింది!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తప్పులు పట్టి బతికేవాళ్లు, కళ్లెదుట జరిగిన తప్పును క్రీముతో సహా మింగేశారు.

హైమవతి మర్యాదకి ఒక ముక్క తిని, నన్ను తీసుకుని తన సీటు దగ్గరికి వచ్చింది. తన ఫోన్లోంచి ఊరికి కాల్ చేసింది.

"పెద్దమ్మా, నీ ఫోన్లో ఆ మందుల యాప్ తీసెయ్... ఆఁ, మా కంపెనీదే... టిక్కు పడినా నమ్మకే. సందు చివర షాపులో తెచ్చుకో."

తర్వాత నా మీది క్రీమును చున్నీతో తుడిచి, సొరుగులో పెట్టి మూసింది. రేపో మాపో నన్ను తుక్కులో పడేస్తారు. ఆ చీకట్లో నా తెర ఇంకాసేపు వెలుగుతూనే ఉంది: 'మీ ఆర్డరు మాకు అందింది.'